ఉప్పు తక్కువైన పాలకూర

అమ్మా, మేమంతా కులాసా, బెంగ పెట్టుకోకు. నీ మనవరాలు పిడుగు పాలకూర తింది! ఇన్నాళ్లూ ఆకు కనబడితే చాలు, మూతి ముడిచేది. బతిమాలినా బెదిరించినా లొంగలేదు. మొన్నామధ్య మిషను మీద బట్టలు కుట్టే హడావుడిలో, నువ్వు నన్ను పిలిచినట్టే పిలిచి, "ఉప్పు సరిపోయిందో లేదో చూసిపెట్టవే" అన్నాను. నీలాగే కాస్త కూర ఊది దాని అరచేతిలో వేశాను. నిజానికి ఉప్పు వేయడమే మర్చిపోయాను. అది చప్పరించి, "అసలు ఉప్పే లేదు, నీకేం తెలీదమ్మా!" అంది ఆరిందాలా. చిటికెడు వేస్తే మళ్లీ చూసి, "ఇంకొంచెం" అంది. అలా చూస్తూ చూస్తూ గిన్నె ఖాళీ చేసింది.

అప్పటినుంచి కావాలనే తగ్గించి వేస్తున్నాను. నిన్న అది ముందే నిద్రపోవడంతో అలాగే వడ్డించేశాను. మీ అల్లుడుగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "అచ్చం మీ అమ్మ వంటే" అన్నారు. నవ్వబోయి ఆగిపోయాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మనింటి చిన్న చెక్క గరిటె ఇంకా ఉంటే తమ్ముడి చేత పంపు, పిడుగు చేతికి సరిపోతుంది.

కార్డులో చోటు అయిపోతోంది. నా చిన్నప్పుడు నీ కూరల్లో ఎప్పుడూ ఉప్పు తక్కువే. "మీ అమ్మకు ఉప్పు డబ్బా కనబడదర్రా" అని నాన్న చుట్టాల ముందు కూడా ఆటపట్టించేవారు. నువ్వు నవ్వేసి నావైపు గిన్నె జరిపేదానివి. ఒక్కసారైనా అసలు సంగతి చెప్పలేదేమమ్మా?

ఈ కార్డు నాన్నకు గట్టిగా చదివి వినిపించు.

ఉప్పు చూసిపెట్టే నీ కూతురు