మందు చెక్కల పొయ్యి

సఖినేటిపల్లి
జూలై 1998, మంగళవారం

కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

వీర్రాజు మూడు రోజులుగా మా పడవల షెడ్డుకి పనికి రావడం లేదని సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేను. పడవ చెక్కలకి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ మందు ఎక్కించే పని అతనిది. చేతులకి తొడుగులు లేకుండా ఒక్కరోజు కూడా పని చెయ్యనివ్వలేదు నేను. ఆ జాగ్రత్త చాలనుకున్నాను.

అతను అరుగు మీద దగ్గుతూ కూర్చున్నాడు. లోపల వాళ్ళావిడ మేరీ అన్నం వండుతోంది. పొయ్యిలో మండుతున్నవి మా షెడ్డులో మందెక్కించిన చెక్కముక్కలే. దడికి పనికొస్తాయంటే పోయిన నెల పట్టుకెళ్ళమన్నది నేనే. కాల్చకూడదని మాత్రం చెప్పలేదు.

"ఈ పొగలో, బూడిదలో విషం ఉంటుందమ్మా, ఆర్పేయండి" అన్నాను.

"ఆయ్" అని ముక్కలు బయటికి లాగి నీళ్ళు పోసింది. "గిన్నెలు ఈ బూడిదతోనే తోముతున్నానండి. అన్నం పారబోసెయ్యనాండి?"

"పారబోసేయండి."

పారబోసి వచ్చింది. "మరి ఇన్నాళ్ళూ తిన్నదాని సంగతేంటండి?"

"రేపు మీ ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్తాను" అన్నాను. ఆవిడ అడిగింది అది కాదు.

ముక్కలు పట్టుకెళ్ళినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఒకరింట్లో చెప్పొచ్చేను. సత్తిబాబు ఇంట్లో దీపం ఆర్పేసి ఉంది. లేపడానికి మొహం చెల్లక వెనక్కొచ్చేసేను. తెల్లారకుండానే పొయ్యి వెలిగిస్తారు వాళ్ళు...

లేపాల్సింది. ఇప్పుడే వెళ్తాను.