ఉతకొద్దన్న తెల్లగుడ్డ

పాతపట్నం దగ్గర,
4–8–2024

ప్రియమైన బావమరిది వినోద్‌కి,

బావ గంగరాజు దీవించి రాస్తున్నాడు. ఇక్కడ మీ అక్క ఈశ్వరి, మీ అమ్మ, నేను, అడవిపందులు అందరమూ క్షేమం. మొక్కజొన్న ఒక్కటే క్షేమంగా లేదు. కొండవారన ఉన్న ఎకరంలో రెండు మళ్లు అప్పుడే పడుకున్నాయి. ఇంకో నెల ఇలాగే పోతే మేం కోసుకునేది చొప్పే.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వుకోకు. పక్క ఊళ్లో ముగ్గురు చచ్చిన పందితో ఫొటో దిగి ఫోన్లో పెట్టుకుని జైలుకి వెళ్లొచ్చారు. అప్పటినుంచి మా జట్టులో వేటమాట ఫోన్లో ఎత్తకూడదని కట్టుబాటు. చదివి పొయ్యిలో పెట్టు.

నీతో పని పడింది. ఈ వానల్లో టార్పాలిన్ మోసుకుని కొండెక్కేసరికి నడుములు విరుగుతున్నాయి. దాని కింద కూర్చుంటే ఉడికిపోతున్నాం, బయటికొస్తే మందుగుండు తడుస్తోంది. మీ సైటులో చెక్క ఇళ్లకి తెల్లటి కాగితంలాంటి గుడ్డ చుడుతున్నారని, చినుకు కూడా దూరదని మీ అక్క చెప్పింది. మిగిలిన ముక్కలుంటే పంపించు. పాతపట్నంలో మరిడమ్మ టీకొట్టు దగ్గర బస్సు డ్రైవరు దించేస్తాడు.

నువ్వు కూడా రారాదూ వేటకి? నిరుడు దూడ అలికిడికి నువ్వు చెట్టెక్కి లుంగీ తడిపేసుకున్నది జట్టంతా ఇప్పటికీ చెప్పుకుంటోంది. గణపతిరావు అయితే, "పంది ఇంకా రానేలేదు, మీ బావమరిది మాత్రం సెట్టు మీదున్నాడు రా" అని రోజూ అంటాడు. నీ పెళ్లిచూపుల్లో నేనా కథ చెప్పినప్పుడు ఆ సుహాసిని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి సంబంధం వద్దంది గానీ, నవ్వే పిల్ల మంచి పిల్లేరా.

నీ మంచి కోరే,
బావ గంగరాజు

◆

గజపతినగరం,
11–8–2024

ప్రియమైన బావకి,

వినోద్ నమస్కారాలు. నీ ఉత్తరం చదివాను, పొయ్యిలో పెట్టాను. నవ్వాను కూడా. నువ్వు నవ్వొద్దన్నాక నవ్వకుండా ఉంటానా.

గుడ్డ పంపుతున్నాను. ఒకటి ఆరు మీటర్లు పొడవు, మూడు మీటర్లు వెడల్పు. ఎత్తి చూడు, కిలో పైన ఏమంత ఉండదు. ఇక్కడ కాటేజీలకి చెక్క చట్రం బిగించాక, పైన పలకలు వెయ్యకముందు దీన్ని చుడతాం. బయటి వాన లోపలికి రాదు, లోపలి ఆవిరి బయటికి పోతుంది. టార్పాలిన్‌లా ఉడికించదు. ఇంకో చిన్న ముక్క కూడా పెట్టాను, అక్కకి.

కట్టడం ఎలాగో చెబుతాను. అంచుకి కన్నం పెట్టావంటే అక్కడినుంచి చిరుగుతుంది. మూలలో గులకరాయి పెట్టి, ఆడవాళ్లు కొంగున చిల్లర ముడేసుకున్నట్టు మెలితిప్పి, ఆ మెడకి తాడు కట్టు. ఎంత గాలొచ్చినా ఊడదు. ఈ కిటుకు మా సైటులో పనికి వచ్చిన కళింగపట్నం వలలు అల్లే మనిషి నేర్పాడు. కంపెనీ పేరు అచ్చేసిన వైపు లోపలికి తిప్పుకో. తెల్లదనం కనపడకుండా పైన ఎర్రమట్టి, పేడ కలిపి పూసుకో.

ఒక్కటే జాగ్రత్త బావా. వాన ఎంత పడినా ఫర్వాలేదు గానీ, దీన్ని సబ్బునీళ్లలో వెయ్యకూడదు, ఉతకకూడదు, కాళ్లతో తొక్కకూడదు. నలిపితే పొరలు విడిపోయి జల్లెడైపోతుంది. బిరుసుగా ఉండటమే దాని బలం. అక్కకి కూడా గట్టిగా చెప్పు, దానికి ఏది కనపడితే అది ఉతకడం అలవాటు.

నీ బావమరిది,
వినోద్

◆

పాతపట్నం దగ్గర,
19–8–2024

ప్రియమైన చెట్టుదొరకి,

గుడ్డ అందింది. నువ్వు ఒక పనికొచ్చే పని చేశావని నేను ఊరంతా చెప్పాను, ఎవరూ నమ్మలేదు. మొన్న మూడు గంటలు కుండపోత పోసింది. దాని కింద పొడిగా కూర్చుని చుట్ట కాల్చుకున్నాను. గణపతిరావు తడిసిన కాకిలా నా వైపు చూస్తూనే ఉన్నాడు.

చిన్న ముక్కతో మీ అక్క గిడుగు కుట్టుకుంది. తాటాకు గిడుగు బరువని ఎన్నాళ్లనుంచో ఏడుస్తోంది కదా, ఇప్పుడు తలమీంచి మోకాళ్ల దాకా దీన్నే కప్పుకుని చేలో తిరుగుతోంది. మట్టి పూస్తే అచ్చం పందిలా ఉన్నావే అన్నాను. "పందినైతే నీ సేను ఎప్పుడో మేసీదును" అంది.

కాని ఒరే, ఇది చప్పుడు చేస్తోంది. చెయ్యి కదిపితే ఎండుటాకుల్లో ఏదో నడిచినట్టు. మీ అక్క చెరువుకి తీసుకెళ్లి జాడించి తెస్తానంది. నువ్వు వద్దన్నావని చెప్పాను. అప్పుడేమందో తెలుసా? "తమ్ముడు రాసేడంటే ఊరికే రాస్తాడేటి? మానీ" అని సబ్బు తిరిగి లోపల పెట్టేసింది.

వినాయకచవితి మర్నాడు, ఆదివారం పొద్దున్నే పెద్దవేట. ఏడుగురం చేను చుట్టూ కూర్చుంటాం. మొక్కజొన్న మనిషికి మించి ఎదిగింది, కళ్లకి ఏదీ కనపడదు. అలికిడిని బట్టే కాల్చడం. ఈల వేసేదాకా ఎవడూ చోటు కదలకూడదు, వేరే ఎవరూ చేలోకి రాకూడదు. ఈల వేస్తే వేట అయిపోయినట్టు. మొదటి దెబ్బ ఇరవై ఏళ్లుగా నాది. నావల్ల పంది బెదిరితే ఆ చోటు గణపతిరావుకి పోతుంది. అదొక్కటే నా భయం. ఈ చప్పుడు ఏం చెయ్యాలో వెంటనే రాయి.

బావ

◆

గజపతినగరం,
26–8–2024

ప్రియమైన బావకి,

కంగారు పడకు. కొత్తగుడ్డ నాలుగు రోజులు అలాగే అంటుంది. ఒంటివేడికి అదే మెత్తబడుతుంది. తలదాకా కప్పుకుని ఊపిరి బిగపట్టి కూర్చో, ఏ పందికీ వినపడదు. ఉతికావంటే మాత్రం నాకు చెప్పకు, ఇంకో ముక్క దొరకదు.

మొదటి దెబ్బ నీదే. నీ చోటు ఎవడు తీసుకుంటాడు?

వినోద్

◆

గజపతినగరం,
8–9–2024, ఆదివారం, పొద్దున్న ఎనిమిది గంటలు

ప్రియాతిప్రియమైన బావగారికి,

ఈపాటికి వేట అయిపోయుంటుంది. పందులు నీ చప్పుడు విని ఒడిశా దాటేసి ఉంటాయి. హహ్హహ్హహ్హ!

ఉతకాలి బావా, ఉతకాలి! సబ్బునీళ్లలో పూటంతా నానబెట్టి కాళ్లతో తొక్కితే పాతచీరలా మెత్తబడుతుంది, కిక్కురుమనదు. ఇక్కడ మేమందరం అలా చేసుకునే కప్పుకుంటాం. పొరలూ విడిపోవు, జల్లెడా కాదు. అదంతా నేను రాత్రికి రాత్రి కట్టిన కథ. నువ్వు నమ్మావు! ఇరవై ఏళ్ల వేటగాడివి, బొంత కప్పుకున్న ముసలమ్మలా ఊపిరి బిగపట్టి కూర్చున్నావు! హహ్హహ్హ!

గణపతిరావు ఏమన్నాడు? అక్షరం పొల్లుపోకుండా రాయి. జట్టు ముందు నీ మొహం ఎలా ఉందో అదీ రాయి.

నీకు కోపం వస్తుంది. రానీ. ఆ పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని నేనెలా కూర్చున్నానో నువ్వు చూడలేదు. పిల్ల తండ్రి నా లుంగీ వైపు చూశాడు బావా. ఆ రోజు నేను ప్యాంటే వేసుకున్నాను, అయినా అక్కడే చూశాడు. నువ్వు తొడ చరుచుకుని నవ్వావు. బావా బావమరుదుల వేళాకోళం అన్నావు. అదే ఇది. వేళాకోళానికి తప్పు పట్టకూడదని నువ్వే కదా అన్నావు.

ఇంకో రెండు ముక్కలు పంపుతున్నాను, ఉతికినవే. అక్క గిడుగు కూడా ఉతుక్కోమను.

నీ చెట్టుదొర,
వినోద్

◆

గజపతినగరం,
21–9–2024

ప్రియమైన బావకి,

అక్క లేని ఇంటికి ఉత్తరం రాస్తున్నాను. రోడ్లు మునిగి, నేను చుట్టుదారిన వచ్చేసరికే చితికి నిప్పు పెట్టేశారు. మొహమైనా చూడనివ్వలేదు. వాన మళ్లీ వచ్చేలా ఉందని గణపతిరావు అన్నాడు. పంది పొడిచిందన్నారు. ఎక్కడ పొడిచిందని అడిగితే ఏడుగురూ నేలచూపులు చూశారు. పదకొండో రోజు దాకా నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు నాతో మాటాడింది లేదు. నేనూ అడగలేకపోయాను.

అమ్మని నాతో తీసుకొద్దామనుకున్నాను, రానంది. దాన్ని జాగ్రత్తగా చూసుకో.

బావా, ఇంకో చిన్నమాట. ఆ ఆదివారం పొద్దున్న నేనొక మూట బస్సుకి వేశాను. రోడ్లు మునిగి ఆ బస్సు వెనక్కి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. మరిడమ్మని రెండుసార్లు అడిగాను, ఇంకా రాలేదంది. అందులో ఏమీ లేదు, చినిగిన ముక్కలు. వస్తే విప్పవద్దు. ఎలా ఉన్నది అలాగే ఏట్లో పడెయ్. అక్క మీద ఒట్టు, విప్పకు.

నీ వినోద్

◆

పాతపట్నం దగ్గర,
26–9–2024

ప్రియమైన వినోద్‌కి,

అలా మొదలుపెట్టమని మీ అమ్మే అంది. అందుకని రాశాను.

మూట నీ ఉత్తరం కంటే రెండు రోజుల ముందే వచ్చింది. విప్పవద్దన్న సంగతి విప్పాక తెలిసింది.

మీ అక్కని పంది పొడవలేదు. నేను కాల్చాను. తుపాకికి కాగితాల్లేవు, ఏడుగురమూ జైలుకి పోతామని, పంది పేరు చెప్పి మధ్యాహ్నంలోపే దహనం చేయించారు. నేను నోరెత్తలేదు. ఆ పాపం నాదే, నీకు అంటగట్టను.

జరిగింది చెబుతాను. చీకటుండగానే కూర్చున్నాం. తెల్లారుతుండగా వాన పట్టింది. నువ్వు రాసినట్టే తలదాకా కప్పుకున్నాను, ఊపిరి బిగపట్టాను. చెవుల పక్క ఆ గుడ్డ చిటపటలాడుతూనే ఉంది. వాన పెద్దదైందని గణపతిరావు ఈల వేశాడు. ఐదుగురు లేచి గట్టెక్కారు. నాకు వినపడలేదు. ఈల విన్న మీ అక్క, వేట అయిపోయిందని, అంబలి తీసుకుని గిడుగు కప్పుకుని అడ్డదారిన చేలోంచి వచ్చింది. "ఏటయ్యా, ఈలేసినారు గదా, ఇంకా ఆ సాటునేటి సేస్తన్నావు?" అని కేక వేసిందట. గట్టు మీదున్న గణపతిరావు విన్నాడు. పది బారల దూరంలో ఉన్న నేను వినలేదు. నాకు వినపడింది ఆకుల్లో అలికిడి. అది మీ అక్క గిడుగు. తుపాకి ఎత్తుతుంటే నా గుడ్డ ఇంకా గట్టిగా చప్పుడు చేసింది. పేల్చాను.

పంది పడిందని అరుస్తూ పరిగెత్తాను వినోద్. నవ్వుతూ పరిగెత్తాను.

నీ మూట వచ్చేదాకా, నా చెవులే చెడ్డవనుకున్నాను. నా ఖర్మ అనుకున్నాను. నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది నేనే. నా మీద కసి ఉంటే బజార్లో చెప్పుతో కొట్టాల్సింది, నేను పడేవాణ్ని. రెండు గుడ్డల్లో ఏ ఒక్కటి ఉతికినా అది బతికేది. సబ్బు చేతిలో పట్టుకుని చెరువుకి బయలుదేరిన మనిషిని నీ మాట చెప్పి ఆపాను.

మూటలోని నీ ఉత్తరం చదువుతుంటే మీ అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏటి రాసేడు మావోడు? సదువు" అంది. అబద్ధం చెప్పొచ్చు. రెండు వారాలుగా అబద్ధాలు చెప్పి అలిసిపోయాను. ముందు తుపాకి సంగతి చెప్పాను. తర్వాత నీ ఉత్తరం చదివాను, మొత్తం. మీ అమ్మ ఏడవలేదు. ఒక్కచోట మాత్రం ఆపింది.

"అక్కడదేటి? నవ్వేడా?"

నవ్వాడన్నాను.

"ఏ రోజు రాసేడు?"

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి అని వేశాడన్నాను.

"అప్పటికి దాన్ని సాప మీద పడుకోబెట్టినాం" అంది. "ఇంకోపాలి సదువు" అంది.

అప్పటినుంచి రోజూ చదివించుకుంటోంది. పొద్దున్న ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి. నన్ను తిట్టదు, నిన్ను తిట్టదు. అన్నం పెడితే తింటుంది. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తదు. మాసికానికి నువ్వు రావద్దని రాయమంది. వస్తే నీ చేతే చదివిస్తానంది.

రేపు పోలీసు స్టేషనుకి వెళ్తున్నాను. కాల్చింది నేనని చెప్పి, నీ ఉత్తరం వాళ్ల చేతిలో పెడతాను. ఆ మాట చెప్పగానే మీ అమ్మ భయపడింది. నా గురించి కాదు. కాగితం వాళ్లు తీసేసుకుంటే తనకి ఉండదని. నకలు రాసి ఇమ్మంది, నేను లేనప్పుడు పక్కింటి రాణి చేత చదివించుకుంటుందట.

ఇందాకే నకలు రాయడం పూర్తి చేసి చదివి వినిపించాను. నీ నవ్వు దగ్గర ఒక అక్షరం తగ్గిందని మీ అమ్మ పట్టుకుంది. దిద్ది ఇచ్చాను.

గంగరాజు