తొమ్మిదో పెట్టె తల్లి

అక్కకు,

నాలుగు రోజులుగా పడుతున్న వాన ఈ పొద్దున తెరిపిచ్చింది. నిచ్చెన మెట్లు జారుతున్నాయి. అయినా నలభై పెట్టెల్లో ఇరవై ఆరు చూసి వచ్చాను. చెట్టుకొక చెక్క పెట్టె, పెట్టెకొక పాటపిట్ట గూడు. పిల్లల్ని గుడ్డసంచిలో వేసి తూచడం, కాలికి రింగు తొడగడం నా పని. తల్లుల్ని పట్టి తూచడం మీ మరిది పని. రిజిస్టరు రాసేదీ ఆయనే. చేతిరాత బాగుంటుందని, ఈ పిట్టల పరిశోధన చేయించే సారు ఆయనకు కిటికీ పక్కన కుర్చీ, బల్ల ఇచ్చారు.

అక్కడ నువ్వు చేసేదేమిటే అని అడిగావు కదా. గూటి అడుగున ఈగ పురుగులుంటాయి. పగలు గడ్డిలో దాక్కుని, రాత్రి పైకొచ్చి పిల్లల రక్తం తాగుతాయి. సగం గూళ్ళలో పురుగు తీసేస్తాం, సగం వదిలేస్తాం. తూచి చూస్తే రెండు చోట్లా పిల్లల బరువు ఒకటే, రిజిస్టరు ప్రకారం తల్లుల బరువూ ఒకటే. "ఈ అడవిలో పిట్టా పురుగూ తరతరాలుగా కలిసి బతకడం నేర్చుకున్నాయి, నష్టం లేదు" అని సారు నివేదిక మొదలుపెట్టారు. నేర్చుకున్నదెవరో నిచ్చెన మీద నిలబడితే తెలుస్తుంది. పురుగు లేని గూటికి తల్లి గంటకు ఇరవైసార్లు మేత తెస్తే, పురుగున్న గూటికి ముప్ఫైసార్లు తెస్తుంది. పిల్లల్లో పోయిన రక్తాన్ని అది రెక్కలతో పూడుస్తుంది. అవతలి కొత్త తోటలో పురుగు వచ్చి పదేళ్ళే. అక్కడి తల్లులకు ఇంత ఎగబడి మేపడం రాదు, పిల్లలు గూట్లోనే చస్తాయి. ఇక్కడ అలా మేపలేని తల్లుల సంతతి ఎప్పుడో పోయింది. మిగిలినవన్నీ ఎక్కువ చాకిరీ చేసినవాటి బిడ్డలే. మన అమ్మ గుర్తొచ్చింది. పురుగు మాత్రం ఇక్కడ పిల్లల్ని చంపదు. చంపితే దాని తిండీ పోతుంది. ఆ మాత్రం తెలివి దానికుంది.

నిన్న రిజిస్టరు తిరగేశాను. తొమ్మిదో పెట్టె తల్లి, రింగు నంబరు మూడు వందల నలభై ఆరు, ఈ నెల పన్నెండున పద్దెనిమిది గ్రాములు. అక్కా, ఆ పిట్ట నాలుగో తేదీనే గూట్లో చచ్చి పడుంది. నేనే పూడ్చాను. రింగు నా పిన్నుల డబ్బాలో ఉంది.

భోజనం దగ్గర అడిగాను. "ఏమండీ, ఈ తల్లుల్ని ఎప్పుడు తూచారు?"

"తల్లుల్లో ఏముందే తూచడానికి? పోయినేడు పద్దెనిమిది, ఈ ఏడూ పద్దెనిమిదే. ఇంకాస్త వడ్డించు."

వడ్డించాను. తొమ్మిదేళ్ళుగా వడ్డిస్తూనే ఉన్నాను. ఆయన చేత అబద్ధం రాయించింది దుర్మార్గమైతే కాస్త గౌరవమైనా ఉండేది. బద్ధకం. చెట్టు కింద గంటసేపు కదలకుండా కూర్చోలేని బద్ధకం. ఆ కుర్చీలో మాత్రం రోజంతా కూర్చోగలరు.

సారుకు చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, ఉద్యోగంతో ఇచ్చిన ఇల్లూ పోతుంది. చెప్పకపోతే నష్టం లేదన్న మాట అచ్చవుతుంది, పురుగు తీసే పని ఆగిపోతుంది. రెండూ చూస్తూ ఉండడం నావల్ల కాదు. ఆదివారం బస్సుకు నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. బావకు మెల్లగా చెప్పు. వెనక గది ఖాళీ చేయించు.

నీ చెల్లెలు

*

అక్కకు,

గది ఖాళీ చేయించి ఉంటే బావ సామాను మళ్ళీ అందులో పెట్టించు. నేను రావడం లేదు.

వారంగా ఎండ కాస్తోంది. పోయిన ఆదివారం సంచీ సర్దుకున్నాక, తూచే కాటా ఆఫీసులో ఇచ్చి పోదామని తీశాను. ఇచ్చేముందు ఒక్క తల్లినైనా తూద్దామని పదిహేడో పెట్టె కింద కూర్చున్నాను. పురుగున్న గూడు. తల్లి పదిహేను గ్రాములు. పక్క పెట్టె పురుగు తీసింది. అక్కడ పద్దెనిమిది. బస్సు పోయింది. నాలుగు రోజుల్లో ఇరవై రెండు తల్లుల్ని పట్టాను. పురుగున్న పదకొండు గూళ్ళలో ఒక్క తల్లీ పదహారు దాటలేదు.

గురువారం ఆ బరువులూ, తొమ్మిదో పెట్టె తల్లి చచ్చిన తేదీ రాసిన కాగితమూ, దాని రింగూ సారు బల్ల మీద పెట్టాను. మీ మరిది కిటికీ పక్కనే ఉన్నారు.

"దానికి నంబర్లు సరిగా రావు సార్" అన్నారు.

సారు భూతద్దంతో చూసి, రింగు ఆయన ముందుకు జరిపారు. "నీకొచ్చుగా, చదువు."

చదివారు. మంచి గొంతు.

"ఇది పన్నెండున పద్దెనిమిది గ్రాములు తూగిందా?"

"తూగే ఉంటుంది సార్."

"నాలుగునే చచ్చిందట. చచ్చాక కూడా చిక్కలేదన్నమాట."

తర్వాత సారు తన నివేదిక తానే చింపారు. ఆయనా ఏమంత గొప్పవాడు కాదులే. ఏడేళ్ళలో ఒక్కసారి నిచ్చెన ఎక్కి ఉంటే ఆ అంకెలు నమ్మేవాడు కాదు. మీ మరిదిని రేపటి నుంచి రావద్దన్నారు. ఇల్లెవరిదని మాత్రం అడిగాను.

"పెట్టెలు చూసేవాళ్ళది. నువ్వు చూస్తావా, మానేస్తావా?"

"చూస్తాను" అన్నాను.

ఇంటికొచ్చాక చెప్పాను, ఇక మీకు వండి పెట్టనని. మీ మరిది మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించారు. ఆలోచించి, "అయితే నా బట్టలెవరు సర్దుతారే?" అన్నారు. నేను సర్దుకున్న సంచీ అక్కడే ఉంది. అందులోంచి నా చీరలు తీసి ఆయన బట్టలు పెట్టాను. వాళ్ళ అక్కగారింటికి వెళ్తారట. పాపం ఆవిడ.

పదిహేడో పెట్టె పిల్లలు ఐదూ శుక్రవారం పొద్దున ఎగిరిపోయాయి. తల్లి శనివారం దాకా కనిపించింది. మీ మరిది ఈ ఆదివారం ఏడింటి బస్సుకు వెళ్ళారు.

నీ చెల్లెలు