పెనుగాలి రోజు బులెటిన్

నవంబర్ 3
వార్షికోత్సవానికి మా కేబుల్ ఛానల్ కథ మేమే చూపించుకోవాలంట. అరగంట. చదివేది నేను. ఎండీ సార్ చెప్తా పోయినాడు, నేను రాసుకుంటా పోయినా — మేడ మీద ఒక గది, డిష్షు, వీసీఆర్. రోజుకో సినిమా. తర్వాత పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫోన్ చేసి అడిగినోళ్ళకి పాట. రొట్టెల పండగ లైవ్. ఆ తర్వాత వార్తలు.
కస్తూరక్క పేరు రాలేదు. నేనూ ఎత్తలేదు.

నవంబర్ 5
ఎడిటర్ ప్రసాదన్న పాత టేపు పెట్టినాడు. సాయంత్రాలు వచ్చే 'సముద్రం కబుర్లు'. తెర మీద పడవ బొమ్మ ఒక్కటే, గొంతు కస్తూరక్కది. మైపాడు నుంచి బస్సులో వచ్చి చదివి పొయ్యేది. నేను చేరిన కొత్తల్లో మైకు ముందు ఊపిరి ఎట్టా తీసుకోవాలో నేర్పింది ఆమే. నగల కొట్టు ప్రకటనల కోసం ఆ కార్యక్రమం ఎత్తేసినారు...
ఈ టేపు పెనుగాలి రోజుది. "మైపాడోళ్ళు, జువ్వలదిన్నోళ్ళు, ఇనండి. వేటకు పోబాకండి." పోయి ఇంకా తిరిగిరాని పడవల పేర్లు చదువుతా ఒక పేరు దగ్గర ఆగింది. ఊపిరి పీల్చిన చప్పుడు. మళ్ళా చదివింది.
ఆ పడవలో ఆమె మొగుడు ఉండాడు. ఆ పడవ రాలేదు.

నవంబర్ 6
ఎండీ సార్ విన్నాడు. "టేపంతా బరబరమంటా ఉంది. ఆ యాసొకటి... నువ్వు చదివెయ్ నసీమా."
చదివినా.
"ఆమె ఆగింది చూడు, అది మాత్రం అట్టే ఉంచు. జనం ఏడుస్తారు."
ఆగినా. ఊపిరి పీల్చినా. రెండోసారికి బాగా కుదిరింది. అందరూ చప్పట్లు కొట్టినారు. నేను నవ్వినా కూడా.

నవంబర్ 12
ప్రసారం అయింది. తెర మీద 'నాటి ప్రసారం' అని అక్షరాలు. ఆమె పేరూ లేదు, నా పేరూ లేదు. ఒకటే ఫోన్లు. గూడూరు నుంచి ఎవరో — "ఏడిపించేసినారు మేడం."
ఇంట్లో మా అమ్మీ టీవీ కట్టేసింది. "అది నీ గొంతు కదా?" అని మాత్రం అడిగింది.

నవంబర్ 13
వార్తల మధ్యలో ఊపిరి పీల్చుకోవాలంటే నా మీద నాకే అసయ్యం.

నవంబర్ 14
కస్తూరక్క ఫోన్.
"బాగుండావా నసీమా? ఇంటిల్లిపాదీ కూర్చోని చూసినాం. నా మనవరాలికి చెప్పినా, ఇప్పుడు అవ్వ గొంతు వస్తది చూడు అని. నీ గొంతు వచ్చింది."
అక్కే మళ్ళా అడిగింది.
"టేపు చెడిపోయిందా పాపా?"
"అవునక్కా... చెడిపోయింది."
"అట్టనా. మరి నేను ఆగినకాడే నువ్వూ ఆగినావే. అది యాడ ఇన్నావు?"
ఫోన్ పెట్టేసింది. కోపంగా కాదు, మెల్లగా. అదే ఇంకా...

నవంబర్ 15
అసలు టేపు ఒకసారి వేద్దాం సార్ అన్నా. "ఇప్పుడు వేస్తే మనం దొంగలం అని మనమే చెప్పుకున్నట్టు. నీ పరువు కూడా పోద్ది, ఆలోచించుకో."
తల ఊపి వచ్చేసినా. తల ఊపడం ఎంత తేలిక!

నవంబర్ 16
మైపాడు బస్సెక్కినా. ప్రసాదన్న టేపుని ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చినాడు. అక్క వాకిట్లో కూర్చోని ఉంది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. చెడిపోలేదక్కా, అబద్ధం చెప్పినా అని ఫోన్ చేతిలో పెట్టినా. చెవి దగ్గర పెట్టుకోని ఇనింది. ఆ పేరు వచ్చేలోపే తీసి నాకిచ్చేసింది.
"ఇది నాకెందుకు? ఆ పొద్దు ఏం చదివినానో నాకు తెలీదా?"
"తప్పయిపోయింది అక్కా."
"ఊరందరి ముందర నా దుఃఖం నువ్వు పడినావు. ఈడ నా ఒక్కదాని చెవిలో తప్పంటే ఎట్టా?"
టీ ఇచ్చింది.

నవంబర్ 17
పొద్దుటి బులెటిన్ లైవ్. మేకప్ అయిపోయింది. స్క్రిప్టులో మొదటి మాట — 'మా కథను ఆదరించిన ప్రేక్షకులకు కృతజ్ఞతలు.' దాని కింద చేత్తో 'మీరు విన్న గొంతు కస్తూరక్కది కాదు, నాది' అని రాసినా. కొట్టేసినా. మళ్ళా రాసినా.
ప్రసాదన్న ఆ టేపు సిద్ధంగా పెట్టుకోని ఉండాడు. "నువ్వు చెప్తే వేస్తా. చెప్పాల్సింది మాత్రం నువ్వే."
ఎండీ సార్ ఇయ్యాల తొందరగా వచ్చినాడు. అద్దం అవతల నిలబడి నాకు చెయ్యి ఊపుతా ఉండాడు.
పిలుస్తా ఉండారు —