మిషను బల్ల కాలు

ఏమండీ,

ఇది మీకు అందదని తెలుసు. అయినా ఒళ్ళు మండి రాస్తున్నాను.

మొన్న మీ సంవత్సరీకానికి వచ్చిన మీ తమ్ముడు, మీరు వేపచెక్కతో చేసిన నా కుట్టుమిషను బల్లను నిన్న బాగుచేశాడు. వదులైన కాలి స్క్రూ ఊడదీసి, ఆ రంధ్రంలో జిగురు పూసిన అగ్గిపుల్లలు కూరి, మళ్ళీ బిగించాడు. పైచెక్క పగులులో రంపంపొట్టూ జిగురూ కలిపి నింపాడు. నేను టీ పెట్టి తెచ్చేలోపు అంతా అయిపోయింది.

ఇంత చిన్న పనా అది? ఆ కాలు చూడమని ఎన్నేళ్ళు మొత్తుకున్నాను. మిరప కోతలు కానిమ్మన్నారు, తర్వాత పత్తి తీతలు కానిమ్మన్నారు. వినుకొండలో ఎస్‌టీడీ బూతు తలుపు దగ్గర్నుంచి బడి బెంచీల దాకా బాగుచేసిన మనిషికి ఇంట్లో బల్ల కనబడలేదా? నేను జాకెట్లు కుట్టినంతసేపూ మీరు ఎదురుగా స్టూలేసుకుని, బల్ల ఊగకుండా రెండు చేతులా పట్టుకుని, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవారు.

"ఈ కిటుకు మీ అన్నయ్యకి తెలీదా?" అని అడిగాను.

"అదేంటొదినా, నాకు నేర్పిందే అన్నయ్య," అన్నాడు.

అంటే తెలిసే చేయలేదన్నమాట. నాకు ఇంకా మండింది.

ఇవాళ పొద్దున మీ తమ్ముడు బస్సెక్కాక కుట్టడానికి కూర్చున్నాను. పిడి ఎంత వేగంగా తిప్పినా బల్ల కదల్లేదు. ఎదుటి స్టూలు మీద గుడ్డముక్కలు పెట్టుకోవచ్చనిపించింది. పెట్టలేదు.

అన్నం తిన్నాక స్క్రూడ్రైవరు తెచ్చి ఆ కాలు కాస్త వదులు చేశాను. మీ తమ్ముడికి చెప్పకండి.