నాకు ఆలస్యమైంది, జాజియా

స్ఫాక్స్, గురువారం

చెల్లీ జాజియా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

వణుకుడు జబ్బు వాళ్ల కోసం మా పేట హాల్లో పెట్టిన కసరత్తు క్లాసుకు వెళ్తున్నాను. నిన్న గుమ్మంలోనే కాళ్లు బిగుసుకుపోయాయి. అదే జబ్బున్న తిజానీ, ఒకప్పటి బస్సు డ్రైవరు, "ఏంటక్కా, బ్రేకు పట్టేసిందా? ఉండుండు" అంటూ దర్బూకా అందుకుని వాయించాడు. ఆ దరువుకి అడుగులు పడ్డాయి. అందరం నవ్వాం.

తరవాత పరిశోధన చేసే డాక్టరమ్మ వచ్చింది. కొత్త మందు పరీక్షలో నన్నూ చేర్చుకోమన్నాను. "జబ్బు మొదట్లో ఉన్నవాళ్లే కావాలమ్మా. మీరు ముందే వచ్చుంటే ఎంత బాగుండేది!" అంది. ఇన్నాళ్లూ ముసలితనమే అనుకున్నాం కదా. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఈసారి వచ్చేటప్పుడు ఎండు ఆక్టోపస్ ఉంటే తీసుకురా. మేక ఈనిందా? పైకప్పు బాగు చేయించారా?

ఇంకో మాట. నువ్వు పండక్కి వచ్చినప్పుడు టీ పోస్తుంటే నీ కుడిచెయ్యి వణికింది. చలి అన్నావు. ఆ రోజు ఎంత ఉక్కగా ఉందో నాకు తెలుసు. డాక్టరమ్మకు నీ సంగతి చెప్పాను, బుధవారం మళ్లీ వస్తుంది. మంగళవారమే దీవి నుంచి పడవెక్కి వచ్చెయ్యి. నాకు దక్కనిది నీకైనా దక్కాలి.

పిల్లలకు ముద్దులు. అల్లా నిన్ను చల్లగా చూడాలి.

మీ అక్క మోంజియా