రేపటికి రుజువు లేదన్నావు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఏడుపు వస్తుందనుకున్నాను, కోపమే వస్తోంది.

నీ కూతురు సుమ కాలేజీ సెలవులకి ఐసెలిన్ ఊళ్లో ఉన్న మా ఇంటికి వచ్చింది. నువ్వు అన్నేళ్లు పాఠం చెప్పిన పాశ్చాత్య తత్వశాస్త్రమే తనూ తీసుకుంది. నేను దోసెలు పోస్తుంటే పక్కన నిలబడి వివరించింది. ఒకాయన తన చేతులున్నాయో లేదో కూడా అనుమానించాడట. అనుమానించే తాను ఉన్నానన్నది తప్ప ఏదీ నమ్మలేదట. ఇంకొకాయన, పుట్టినప్పుడు మనసు ఖాళీ పలక, దాని మీద రాసేది అనుభవమే అన్నాడట. మూడో ఆయన ఆ అనుభవాన్నే నిలదీశాడట.

"సన్ ఎవ్రీడే వచ్చింది, సో రేపు కూడా వస్తుంది అని ప్రూఫ్ లేదు అత్తా. అది జస్ట్ మన హ్యాబిట్."

అచ్చం నీ గొంతు. ఆ గొంతుతోనే లాంగ్ డిస్టెన్స్ కాల్‌లో నాతో అన్నావు, "ఈ ఛాతీనొప్పి ఎప్పుడూ వచ్చి పోయేదే, ఈసారీ పోతుందిలే" అని. క్లాసులో ఒప్పుకోని వాదనని నీ గుండె విషయంలో ఎలా ఒప్పుకున్నావు? అన్నిటినీ అనుమానించే నేను కూడా నీ మాట నమ్మాను.

తిన్నాక సుమ బయల్దేరబోతూ తన కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. వచ్చేటప్పుడు బ్రేకులు కీచుమన్నాయి, ఎవరికైనా చూపించావా అని అడిగాను.

"ఎప్పుడూ ఆగుతుంది కదా అత్తా. ఈసారీ ఆగుతుంది."

తాళాలు లాక్కున్నాను. "ఇదేనా నువ్వు చదివింది?" అని అరిచాను. అది బిత్తరపోయింది. ఆ అరుపు నీకు చేరాల్సింది.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి. పొద్దున్నే మెకానిక్‌ని ఇంటికే పిలుస్తాను, సూర్యుడు వచ్చినా రాకపోయినా.